చెవికి అందని నోటీసు

ఆఫీసు ముందు ర్యాంపు కడితే అది అందరికీ కనబడుతుంది. ప్రారంభోత్సవం జరుగుతుంది, పేపర్లో ఫొటో పడుతుంది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి దాని మీదుగా లోపలికి వెళ్లగలిగాడా లేదా అన్నది అక్కడ నిలబడ్డవాళ్లందరికీ తెలిసిపోతుంది. అదే అధికారి పేరు మీద నడిచే వెబ్‌సైటుకు ర్యాంపు ఉందా అని అడిగామనుకోండి, మన వైపు వింతగా చూస్తారు. వెబ్‌సైటుకు మెట్లేమిటి, ర్యాంపేమిటి అంటారు. మెట్లున్నాయి. ఎక్కలేనివాళ్లకే అవి తగులుతాయి.

మా ఏజెన్సీలో ఆఫీసు దాకా వెళ్లడమే ఒక రోజు పని. గూడెం నుంచి వాగు దాటి రోడ్డెక్కాలి. ఆటో దొరికితే మండల కేంద్రం, అక్కడి నుంచి బస్సు. వానాకాలం వాగు పొంగితే ఆ రోజుకు ప్రయాణం లేనట్టే. నడవలేని మనిషిని వాగు దాటించడానికి ఇద్దరు కావాలి. చూపు లేనివాళ్లకు చెయ్యి పట్టుకునే మనిషి ఒకరు కావాలి. తోడు వెళ్లినవాళ్ల కూలి కూడా ఆ రోజుకు పోతుంది. ఇంతా చేసి వెళ్తే అక్కడ పని గోడకు అంటించిన కాగితం చదువుకుని రావడమే. ఆ కాగితం ఫోన్లోకి వస్తే ఎంత మేలో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వెబ్‌సైటు పట్నం వాళ్ల సోకు అనే మాట మేం ఒప్పుకోం. ఆఫీసు పక్కన ఉండేవాళ్లకంటే దూరాన ఉండేవాళ్లకే అది ఎక్కువ అవసరం. దూరాన ఉన్నవాళ్లలో నడవలేనివాళ్లకు, చూడలేనివాళ్లకు ఇంకా ఎక్కువ అవసరం.

మేం నలుగురం. ఒకరు ఆశ్రమ పాఠశాలలో టీచరు. ఇద్దరు డిగ్రీ చదువుతున్నారు. నాలుగో ఆయన వయసులో పెద్ద, మా అందరికీ అన్న. అన్నకు చూపు లేదు. మూడేళ్లప్పుడు తట్టు పోసి కళ్లు పోయాయి. మంచి తిండి అందని పిల్లలకు తట్టు సోకితే కంటిగుడ్డు దెబ్బతింటుందని, టీకా, విటమిన్ ఏ మందు సమయానికి పడితే చాలావరకు తప్పించవచ్చని డాక్టర్లు చెబుతారు. అప్పట్లో మా వాళ్లు అమ్మవారు పోసిందని వేపాకులు కట్టారు. అన్న బ్రెయిలీ నేర్చుకుని, హాస్టళ్లలో ఉండి డిగ్రీ, బీఈడీ చేశాడు. సాయంత్రాలు బడి వరండాలో నలుగురం కూర్చుని పోటీ పరీక్షలకు చదువుతుంటాం. ఈ వ్యాసం కూడా అక్కడే నలుగురం కలిసి రాశాం.

అన్న ఫోన్ ఎలా వాడతాడని చాలామంది పిల్లలు అడుగుతారు. ఆండ్రాయిడ్ ఫోన్లలో టాక్‌బ్యాక్ అనే సదుపాయం ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే తెర మీద వేలు ఎక్కడ పెడితే అక్కడున్న మాటల్ని ఫోను పైకి చదువుతుంది. రెండుసార్లు తడితే అది తెరుచుకుంటుంది. కంప్యూటర్‌కైతే ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో దాన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు అలాంటి సాఫ్ట్‌వేర్ కావాలంటే చాలా డబ్బు పోసి కొనుక్కోవలసి వచ్చేది. మా బడి కంప్యూటర్లో అన్న వాడేది అదే. తెలుగు కూడా చదువుతుంది. గొంతు మాత్రం రేకు డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది. అన్న దాన్ని ఎంత వేగంగా పెట్టుకుంటాడంటే మాకు మొదట్లో తేనెటీగల రొద తప్ప ఏమీ వినబడేది కాదు. ఆ రొదలోంచి ఆయన రాజ్యాంగం చదివాడు, విద్యా మనస్తత్వశాస్త్రం చదివాడు.

ఈ సాఫ్ట్‌వేర్లు ఎంత తెలివైనవైనా వాటికి ఒకటి కావాలి. తెర మీద ఉన్నది నిజంగా అక్షరమై ఉండాలి. అక్షరానికి తీసిన ఫొటో అయితే లాభం లేదు.

ఆ మధ్య మా జిల్లాలో దివ్యాంగుల బ్యాక్‌లాగ్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. (దివ్యాంగులు అన్నది ఆఫీసు మాట. మా గూడెంలో ఎవరూ అనరు. అన్నను అడిగితే, పేరు ఏది పెట్టినా ఫర్వాలేదు, నోటీసు చదవనిస్తే చాలు అంటాడు.) 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం వికలాంగులకు కేటాయించాలి. అందులో 1 శాతం చూపులేనివాళ్లకు, చూపు మందగించినవాళ్లకు. అలా నిండకుండా మిగిలిపోయిన పోస్టులివి. వార్త వినగానే అన్న సైటు తెరిచాడు. పైన అంతా బాగానే ఉంది. అక్షరాలు పెద్దవి చేసే గుర్తు ఉంది, రంగులు మార్చే గుర్తు ఉంది, స్క్రీన్ రీడర్ వాడేవారి కోసం అని ఒక లింకు కూడా ఉంది. నోటిఫికేషన్ ఫైలు నొక్కాడు. ఫోను ఫైలు పేరు చదివింది. స్కాన్, సున్నా, సున్నా, ఒకటి, నాలుగు. తర్వాత "పేజీ ఒకటి" అంది, ఆగిపోయింది. "పేజీ రెండు" అంది, ఆగిపోయింది. తొమ్మిది పేజీలూ అంతే.

చూపులేనివాళ్ల కోసం వేసిన నోటిఫికేషన్‌ను చూపున్నవాళ్లే చదవగలరు.

మేం చదివి వినిపించాం, దరఖాస్తు పెట్టించాం. ఇందులో ఇబ్బంది ఏముంది, పక్కన ఎవరో ఒకరు ఉంటారు కదా అని తర్వాత ఆఫీసులోనూ అన్నారు, మా బంధువులూ అన్నారు. ఈ మాటకు అన్నకు కోపం వస్తుంది. "నా ఆధార్ నంబరు, నా బ్యాంకు ఖాతా, నాకు ఎంత శాతం వైకల్యం ఉందో, అన్నీ నలుగురి నోళ్లలో నానవలసిందేనా? మీ ఉత్తరాలు మీరు ఎవరిచేతైనా చదివించుకుంటారా?" అంటాడు. మా తాతల కాలంలో షావుకారి దగ్గర అప్పు పత్రం షావుకారే చదివి వినిపించేవాడట. వేలిముద్ర వేసేవాళ్లకు అందులో ఏం రాసి ఉందో ఎప్పుడూ పూర్తిగా తెలిసేది కాదు. చదివి పెట్టేవాడు మంచివాడైనా చదువు వాడి చేతిలోనే ఉంటుంది. ఈ సంగతి ఆదివాసులకు వేరే ఎవరూ నేర్పక్కర్లేదు.

కొన్నాళ్లకు సర్టిఫికెట్ల పరిశీలన తేదీ మార్చి, ముందుకు జరిపారు. ఆ సవరణ నోటీసు కూడా స్కాన్ చేసి పెట్టారు. ఆ రోజు మాలో ముగ్గురం ఊళ్లో లేం. ఇద్దరికి సెమిస్టర్ పరీక్షలు, టీచరుకు శిక్షణ. అన్న రోజూ పొద్దున్నే సిగ్నల్ అందే బండ మీదికి వెళ్లి సైటు చూసుకునేవాడు. కొత్త ఫైలు వచ్చిందని ఫోను చెప్పింది. తెరిస్తే "పేజీ ఒకటి", తర్వాత ఏమీ లేదు. పక్కింటి మామకు చూపించాడు. మామకు చదువు రాదు. మాకు ఫోన్ చేస్తే పరీక్ష హాల్లో ఫోన్లు ఉండవు. సాయంత్రం మేం చదివి చెప్పేసరికి పరిశీలన మర్నాడు పొద్దున్నే అని తేలింది. అప్పటికి చివరి ఆటో వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి అన్న ఆఫీసుకు చేరుకున్నాడు. ఆయన పేరు ఎదురుగా గైర్హాజరు అని రాసేశారు.

ఆ పోస్టు దక్కింది మరో చూపులేని మనిషికే. ఆ మనిషి మీద మాకు ఏ కోపమూ లేదు. ఒక పేజీ నోటీసు, అందులో ఒక తేదీ. అది చెవికి అంది ఉంటే అన్న ముందు రోజే బయల్దేరేవాడు.

ఆ నోటీసు ఎక్కడ మూగబోయిందో తెలుసుకుందామని మేం దాని వెంటపడ్డాం. ఆఫీసులో పనిచేసే కుర్రాడొకడు మాకు తెలిసినవాడు, వరసకు బావ అవుతాడు. నోటీసు ఎలా తయారవుతుందో అతను చెప్పాడు. ముందు కంప్యూటర్లో టైపు చేస్తారు. ప్రింటు తీస్తారు. ఫైల్లో పెట్టి పైకి పంపితే అధికారి సంతకం చేస్తారు, ముద్ర పడుతుంది. ఆ కాగితాన్ని స్కానర్ మీద పెట్టి ఫొటో తీసి సైటులో ఎక్కిస్తారు. అంటే మొదట్లో అది అక్షరంగానే పుట్టింది. అన్న ఫోను చదవగలిగే రూపంలోనే ఆ కంప్యూటర్లో ఉంది. సంతకం కోసం కాగితమైంది, కాగితం నుంచి బొమ్మైంది. పని తక్కువై ఇలా చేశారనడానికి కూడా లేదు. టైపు చేసినదాన్ని మూగది చేయడానికి ఇంకో రెండు పనులు అదనంగా చేశారు.

తెలుగుకు ఇంకో చిక్కుంది, ఇది టీచర్లు తప్పక తెలుసుకోవాలి. మన దగ్గర డీటీపీ సెంటర్లలో, చాలా ఆఫీసుల్లో అను ఫాంట్లలో టైపు చేసే అలవాటు ఎన్నో ఏళ్లుగా ఉంది. కరపత్రాలు, పెళ్లిపత్రికలు, పుస్తకాలు అందులోనే అచ్చయ్యాయి. అచ్చుకు అది చక్కగా ఉంటుంది. కానీ లోపల అది తెలుగు కాదు. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు. వాటికి తెలుగు అక్షరం బొమ్మను పైన తొడిగారు. ఆ ఫాంటు లేని చోటికి కాపీ చేసి చూడండి, పిచ్చి గీతలు వస్తాయి. ఎన్‌వీడీఏ అలాంటి పత్రాన్ని చదవబోతే కంటికి "ప్రకటన" అని కనబడే చోట నోటికి తిరగని ఏవో శబ్దాలు వస్తాయి. అలాంటి ఒక ఉత్తర్వు మేం అన్న దగ్గర విన్నాం. నలుగురం నవ్వుకున్నాం గానీ అది మా పోడు భూముల పట్టాల గురించిన ఉత్తర్వు.

యూనికోడ్ అలా కాదు. ప్రపంచంలోని లిపులన్నింటిలో ఒక్కో అక్షరానికి ఒక్కో నంబరు ఇచ్చిన పద్ధతి అది. తెలుగు 1991లో వచ్చిన మొదటి రూపంలోనే అందులో ఉంది. మనం వాట్సాప్‌లో టైపు చేసే తెలుగు అదే. దాన్ని ఏ ఫోనైనా గుర్తుపడుతుంది, వెతకొచ్చు, కాపీ చేయొచ్చు, వినొచ్చు. కాబట్టి ఒక ఆఫీసు తన వెబ్‌సైటు అందరికీ అందాలనుకుంటే మొదట చేయవలసింది పెద్ద ఖర్చు పని కాదు. యూనికోడ్‌లో టైపు చేసి, ఆ టైపు చేసినదాన్నే సైటులో పెట్టడం. ఫొటోలోంచి అక్షరాలను గుర్తుపట్టే యాప్‌లు ఉన్నాయి కదా అంటారు కొందరు. ఉన్నాయి, అన్న వాడతాడు. కాగితం వంకరగా ఉన్నా, అక్షరం మీద ముద్ర పడినా, గళ్ల పట్టిక వచ్చినా అవి తడబడతాయి. వయోపరిమితి 42ను 47 అని చదివిందనుకోండి, నష్టపోయేది యాప్ కాదు.

ఆ తర్వాత చట్టం ఏమంటుందో చూశాం. ఇది అన్న పని. చట్టాలు ఇంగ్లీషులోనే అయినా కేంద్రం సైటులో అక్షరాలుగా ఉన్నాయి కాబట్టి ఆయన ఎవరి సాయం లేకుండా చదువుకున్నాడు. 2016 చట్టం 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. 1995 నాటి పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 ఉన్నాయి. దాని 42వ సెక్షన్ ప్రకారం కాగితం మీదైనా, ఆడియోలోనైనా, ఎలక్ట్రానిక్ రూపంలోనైనా వచ్చే సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వం చూడాలి. 2017 నియమాల్లో 15వది ఇంకా సూటిగా ఉంది. ప్రభుత్వ వెబ్‌సైట్ల కోసం రాసిన మార్గదర్శకాలు పాటించాలి, సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ రూపంలో గానీ, అక్షరాలను గుర్తించగలిగే ఓసీఆర్ పీడీఎఫ్ రూపంలో గానీ ఉండాలి. ఆ మార్గదర్శకాలు 2009లోనే మొదట వచ్చాయి. 2018లో ఒకసారి, 2023లో ఒకసారి మార్చి రాశారు. చాలా జిల్లాల సైట్లు జాతీయ సమాచార కేంద్రం తయారుచేసిన ఎస్‌త్రీవాస్ అనే ఒకే అచ్చు మీద నడుస్తాయి. ఆ ఇంగ్లీషు పేరు విప్పి చూస్తే మధ్యలో సుగమ్య అనే మాట ఉంటుంది. ఇల్లు సుగమంగానే కట్టారు. లోపల సామాను పెట్టేవాళ్లు దారికి అడ్డంగా పెడుతున్నారు.

ఈ నియమాల మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లిన మనిషి ఒకరున్నారు. రాజీవ్ రాతూరి, ఆయనకూ చూపు లేదు. 2005లో వేసిన పిటిషన్ మీద కోర్టు 2017 డిసెంబరులో ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడమని తర్వాత హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో ఉన్న వికలాంగ అధ్యయన కేంద్రానికి పని అప్పగించింది. ఆ నివేదిక చూశాక 2024 నవంబరు 8న ఇచ్చిన తీర్పులో, చట్టం తప్పనిసరి అంటుంటే 15వ నియమం సలహా ఇచ్చినట్టు ఉందని, అది చెల్లదని, మూడు నెలల్లో తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలు రాయాలని కేంద్రాన్ని ఆదేశించింది. సలహాకు, తప్పనిసరికి తేడా ఏమిటో మా అన్న పేరు పక్కన ఉన్న గైర్హాజరు అనే మాట చూస్తే తెలుస్తుంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లు కెమెరా ముందు రెప్ప ఆడించలేక బ్యాంకు పని పూర్తి చేసుకోలేకపోయిన కేసు అది. డిజిటల్ సేవలు అందడం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమే అని కోర్టు చెప్పింది. కుష్ఠు వల్ల వేళ్లు అరిగి, మిషన్ మీద వేలిముద్ర పడని ముసలమ్మ మా గూడెంలోనే ఉంది. ఈ తీర్పు ఆమెది కూడా.

ఇంకొకటి చెప్పి ముందుకు వెళ్తాం. కెనడాలో డోనా జోడన్ అనే చూపులేని మహిళ అక్కడి ప్రభుత్వ సైటులో ఉద్యోగానికి దరఖాస్తు చేయబోతే సైటు సహకరించలేదు. ఆమె ప్రభుత్వం మీద కేసు వేసింది. సమాచారం ఫోన్లో అడగొచ్చు, ఆఫీసుకు వచ్చి తెలుసుకోవచ్చు కదా అని ప్రభుత్వం వాదించింది. 2010లో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, 2012లో పై కోర్టు కూడా ఆమె వైపే నిలిచింది. అంత సంపన్న దేశంలోనూ జవాబు అదే, ఎవరో ఒకరు చదివి పెడతారు కదా అని. మా ఆఫీసు వాళ్లు ఒంటరివాళ్లు కాదు.

మేం అర్జీ రాశాం. సోమవారం అర్జీల రోజున నలుగురం వెళ్లాం. వరుసలో చాలాసేపు నిలబడ్డాక మా వంతు వచ్చింది. అధికారి గారు ఓపిగ్గానే విన్నారు. మా కాగితంలో సెక్షన్లు, తీర్పులు అన్నీ ఉన్నాయి, కానీ పని చేసింది అవి కాదు. అన్న తన ఫోన్ టేబుల్ మీద పెట్టి, శబ్దం పెంచి, ఆ ఆఫీసు సైటే తెరిచి నోటిఫికేషన్ నొక్కాడు. "పేజీ ఒకటి." నిశ్శబ్దం. "పేజీ రెండు." నిశ్శబ్దం. నాలుగో పేజీకి అధికారి గారు చాలు అన్నారు. కంప్యూటర్ ఆపరేటర్‌ను పిలిపించారు. అతను భయపడుతూనే ఒక న్యాయమైన మాట అన్నాడు: "సార్, సంతకం ఉన్నదే పెట్టాలి కదా. టైపు చేసింది పెడితే ఎవరైనా మార్చి తిప్పుతారు." ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. నకిలీ నోటీసులు వాట్సాప్‌లో ఎన్ని తిరుగుతున్నాయో మనకు తెలుసు. మేం అడిగింది ఇంతే. సంతకం ఉన్న స్కాన్ ఉండనివ్వండి, దాని పక్కనే టైపు చేసిన ఫైలు కూడా పెట్టండి. చివరి తేదీ, అర్హతలు, ఎక్కడికి రావాలి అన్న మూడు సంగతులు ఫైల్లో మాత్రమే కాకుండా పేజీ మీదే రాయండి. తేదీ మారితే ఎస్ఎంఎస్ పంపండి. డిజిటల్ సంతకం వచ్చాక ప్రింటు తీసి స్కాన్ చేసే అవసరమే ఉండదు, అది తర్వాతి సంగతి.

తర్వాత వచ్చిన నోటిఫికేషన్ కింద టైపు చేసిన ఫైలు ఉంది. అన్న గుట్ట మీద కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఎవరి సాయం లేకుండా విన్నాడు. అందులో రెండు అచ్చుతప్పులు కూడా పట్టుకున్నాడు.

ఆ రోజు ఇంకో సంగతి గమనించాం, ముందు మాకు తట్టనిది. స్కాన్ ఫైలు తెరుచుకోవాలంటే సిగ్నల్ బండ మీద కూర్చుని చుట్ట కాల్చుకునేంతసేపు ఆగాలి, సగంలో తెగిపోతే మళ్లీ మొదటికి. టైపు చేసిన పేజీ అన్నం మెతుకంత. ఒక్క గీత సిగ్నల్ ఉన్నా వచ్చేస్తుంది. అన్న శబ్దం పెంచి వింటుంటే అక్కడ అడ్డాకులు కోయడానికి వచ్చిన ఆడవాళ్లు ఆగి విన్నారు. వాళ్ల కళ్లు బాగానే ఉన్నాయి, చదువు రాదు, అంతే. ఇందులో మా పిల్లకు పనికొచ్చేది ఉందా అని ఒక అత్త అడిగింది. మన కథలు, మన పాటలు, మన వంశాల పేర్లు ఇన్ని తరాలుగా చెవి మీదుగానే వచ్చాయి. చూపులేని ఒక్క మనిషి కోసం అడిగిన మార్పు చెవితో బతికే గూడెం మొత్తానికి సరిపోయింది. వికలాంగులు ఎంతమంది ఉంటారు, వాళ్ల కోసం ఇంత చేయాలా అనేవాళ్లకు 2011 జనాభా లెక్కల్లోనే జవాబుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా. దానికి చదువు రాని పెద్దవాళ్లను, చూపు తగ్గిన ముసలివాళ్లను కలుపుకుంటే ఇక లెక్క మీరే వేసుకోండి.

ఆ అత్తకు తెలుగు బాగానే అర్థమవుతుంది. ఆమె తల్లికి కోయ తప్ప రాదు. కోయలో చదివే గొంతు మా ఫోన్లలో లేదు. గోండి లిపులకు యూనికోడ్‌లో చోటు దొరికింది, మసరం గోండికి 2017లో, ఆదిలాబాద్ జిల్లా గుంజాల పేరుతో ఉన్న లిపికి 2018లో. అక్షరానికి నంబరు దొరకడం మొదటి మెట్టు. దాన్ని పలికే గొంతు కావాలంటే ఆ భాష మాట్లాడేవాళ్లు గంటల కొద్దీ చదివి రికార్డు చేసి ఇవ్వాలి. ఈ పని పట్నంలో కూర్చున్నవాళ్లు చేయలేరు. కాలేజీలో చదివే మన పిల్లలు పట్టుకోవలసిన పని ఇది. అంతవరకు ముఖ్యమైన నోటీసు వస్తే మేం కోయలో చెప్పి, వాయిస్ మెసేజ్‌గా గ్రూపులో పెడుతున్నాం.

టీచర్లతో ఒక మాట. మీ బడి నోటీసు, ఫీజు రీయింబర్స్‌మెంట్ సమాచారం, పరీక్ష టైంటేబులు మీరే ఫొటో తీసి గ్రూపులో పెడుతుంటే ఆఫీసును అడగడానికి మనకు నోరు రాదు. ఏదైనా పత్రం అక్షరమా బొమ్మా అని తెలుసుకోవడం చాలా తేలిక. మాట మీద వేలు నొక్కి పట్టండి. ఆ మాట రంగు మారి పట్టుబడితే అక్షరం. పట్టుబడకపోతే బొమ్మ. ఇంకాస్త ఓపిక ఉంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో శబ్దం పెంచే, తగ్గించే మీటలు రెండూ కలిపి మూడు క్షణాలు నొక్కితే టాక్‌బ్యాక్ మొదలవుతుంది. కళ్లు మూసుకుని మీ జిల్లా సైటులో పెన్షన్ దరఖాస్తు ఎక్కడుందో వెతకండి. "ఇక్కడ నొక్కండి", "ఇక్కడ నొక్కండి", "ఇక్కడ నొక్కండి" అని వరుసగా పన్నెండు లింకులు వినబడతాయి. ఏది నొక్కితే ఏం వస్తుందో కళ్లున్నవాళ్లు పక్కనున్న మాటలు చూసి తెలుసుకుంటారు, వినేవాళ్లకు ఆ వీలు లేదు. పిల్లలతో ఒకసారి చేయించి చూడండి, వాళ్లు మనకంటే తొందరగా పట్టుకుంటారు.

మాకు ఇంకా చాలా మిగిలి ఉంది. నోటిఫికేషన్ టైపు చేసి పెడుతున్నారు గానీ పోస్టుల పట్టిక మాత్రం ఇప్పటికీ బొమ్మే. ఫిర్యాదు నమోదు చేయబోతే వంకర అక్షరాల గళ్లు చూసి టైపు చేయమంటుంది, వినే వీలు లేదు. అధికారి గారు మాట్లాడిన వీడియోల కింద అక్షరాలు ఉండవు కాబట్టి మా బడిలో చెవులు వినబడని అబ్బాయికి పెదాలు కదలడమే కనబడుతుంది. పొర తీయించుకోని మా పెద్దమ్మకు తెలుపు మీద లేత పసుపు అక్షరాలు అసలు ఆనవు. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య తేడా 4.5కు 1 కన్నా తగ్గకూడదని అంతర్జాతీయ ప్రమాణం ఉంది, దాన్ని కొలిచే ఉచిత పనిముట్లూ ఉన్నాయి. చట్టాన్ని ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల రూపాయల దాకా, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల దాకా జరిమానా అని 89వ సెక్షన్‌లో ఉంది. రాష్ట్రంలో వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఇప్పటికి ఆ దారి పట్టలేదు. ఆ ఆపరేటర్ కుర్రాడు ఫైలు ఎక్కించేముందు అన్నకు ఫోన్ చేసి, వినబడుతోందా అన్నా అని అడుగుతున్నాడు. అతను బదిలీ అయితే ఏమవుతుందన్నది మా బెంగ. అందుకే ఈ పద్ధతిని ఉత్తర్వుగా రాసి ఇమ్మని అడుగుతున్నాం.

అన్న ఈసారి డీఎస్సీకి చదువుతున్నాడు. వచ్చే సోమవారం నలుగురం మళ్లీ వెళ్తున్నాం, పట్టికల సంగతి మాట్లాడటానికి. అర్జీ టైపు చేయడం అయింది, యూనికోడ్‌లోనే.